పాత కారు ఏ గాలి పీలుస్తోంది?

(పాత కార్లను సొంతంగా బాగుచేసుకునేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే, మైకు లేకుండానే కానిచ్చేద్దాం. నడుస్తున్న ఇంజన్ పక్కన నిలబడి అరిచే అలవాటు నాకు ఎలాగూ ఉంది.

ముందు ఒక ప్రశ్న. మీ కారు గాలి ఎక్కడి నుంచి పీలుస్తుందో తెలిసినవాళ్లు చెయ్యెత్తండి. ఫిల్టర్ ఎక్కడుందో కాదండీ, నేనడిగింది అది కాదు. బయటి గాలి మొట్టమొదట లోపలికి దూరే నోరు ఎక్కడుంది? బంపర్ వెనకా, హెడ్‌లైటు పక్కనా, రేడియేటర్ మీదా? ఒకటి, రెండు, మూడు... అయిదు చేతులు. ఫర్వాలేదు. కొన్నేళ్ల కిందట అయితే నేనూ చెయ్యెత్తేవాణ్ణి కాదు.

ఇవాళ చెప్పబోయేదంతా ఆ నోటి గురించే. చల్లగాలి ఇన్‌టేక్, అంటే ఇంజన్‌కి బయటి చల్లగాలి తెచ్చే దారి, అనగానే మనకి మెరిసే అల్యూమినియం పైపు, దాని చివర ఎర్రటి శంకువు లాంటి ఫిల్టర్ కళ్లముందు కనబడతాయి. ఆ పైపు సంగతి తర్వాత మాట్లాడదాం. చాలా పాత కార్లకి ముందు కావలసింది కొత్త పైపు కాదు. ఎప్పుడో ఎవరో మెకానిక్ అడ్డొస్తోందని పీకి, మళ్లీ పెట్టడం మరిచిపోయిన పాత గొట్టం.

ఇంజన్ ఎంత గాలి తాగుతుందో ఒకసారి లెక్క వేద్దాం. లెక్కలంటే భయపడకండి, గుణకారమే. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అంటే లీటరుకి దాదాపు 11 కిలోల గాలి. 11 కిలోల గాలి అంటే ఎంత? 30 డిగ్రీల వేడి దగ్గర 9,300 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ములు మీరు చూసే ఉంటారు, అలాంటివి 46. ఒక్క లీటరు పెట్రోలుకి 46 డ్రమ్ముల గాలి! పెట్రోలు డబ్బిచ్చి కొంటాం కాబట్టి చుక్క కారినా చూస్తాం. గాలి ఊరికే వస్తుంది కదా, అది ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ చూడరు.

ఇంకో లెక్క. 1600 సీసీ ఇంజన్ 6,000 ఆర్పీఎం మీద, అంటే నిమిషానికి 6,000 చుట్లు, తిరుగుతోందనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి నిండుతుంది. నిమిషానికి 3,000 సార్లు, సారికి 1.6 లీటర్లు, మొత్తం 4,800. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 4,000 అనుకోండి. సెకనుకి దాదాపు 70 లీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. నాది కార్బురేటర్, అంటే గాలిలో పెట్రోలు కలిపే పరికరం, ఉన్న పాత బండి. దానికి ఉన్న గుండ్రటి ఎయిర్ క్లీనర్ డబ్బా తీసేసి, దాని స్థానంలో శంకువు ఫిల్టర్ బిగించాను. స్టార్ట్ చేశాను. ఏం శబ్దం అనుకున్నారు! యాక్సిలరేటర్ తొక్కితే బండి గర్జిస్తోంది. పికప్ బ్రహ్మాండంగా పెరిగిందని అందరికీ చెప్పుకు తిరిగాను. నెలరోజులు తిరిగాను. ముందు వరసలో ఆ తమ్ముడు నవ్వుతున్నాడు, నీ బండికీ అదే ఉందా?

తర్వాత ఒకరోజు, ఊరికే, వైరు చివర ముక్కున్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని, ఆ ముక్కుని ఫిల్టర్ పక్కన క్లిప్పుతో బిగించాను. డిస్‌ప్లే లోపల, నా కళ్లముందు. బయట 31 డిగ్రీలు. బండి నింపాదిగా ట్రాఫిక్‌లో కదులుతోంది. 45 అయింది. 52 అయింది. సిగ్నల్ దగ్గర ఆగాను, 68! బయట 31 ఉంటే నా ఇంజన్ 68 డిగ్రీల గాలి పీలుస్తోంది. రేడియేటర్ దాటుకుని వచ్చిన వేడి, ఇంజన్‌లోంచి కాలిన పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి, అదంతా ఫిల్టర్ చుట్టూ చేరింది. చల్లగాలి ఫిల్టర్ అనుకుని నేను పెట్టుకున్నది వేడిగాలి ఫిల్టర్.

మరి ఆ పికప్ సంగతి? అది చెవుల్లో పెరిగింది, అంతే. కంపెనీవాళ్లు ఇన్‌టేక్ గొట్టం పక్కన ఖాళీ డబ్బా ఒకటి పెడతారు, చూశారా? గాలి వెళ్లే దారి కాదు, ఊరికే పక్కన వేలాడుతుంది. రెజొనేటర్ అంటారు. సీసా మూతి మీద ఊదితే ఒక స్వరం వస్తుందే, అదే సూత్రం, ఇక్కడ ఆ స్వరాన్ని అణచడానికి వాడతారు. దాన్ని పీకేస్తే శబ్దం పెరుగుతుంది. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు మనసుకి తోస్తుంది. అందుకే, ఏ మార్పు చేసినా చెవిని నమ్మకండి. గడియారాన్ని నమ్మండి, థర్మామీటర్‌ని నమ్మండి.

వేడిగాలి అయితే ఏం పోతుంది? గాలి వేడెక్కితే పలచబడుతుంది. 30 డిగ్రీల గాలికీ 60 డిగ్రీల గాలికీ సాంద్రతలో తేడా 9 శాతం. అంటే అదే సిలిండర్‌లోకి 9 శాతం తక్కువ ఆక్సిజన్. అయితే పవర్ కూడా 9 శాతం పోతుందా? పోదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. చల్లగాలి లోపలికి వెళ్లేసరికి వేడి గోడలు తగిలి కొంత వేడెక్కిపోతుంది. ఎంత చల్లగా వస్తే అంత ఎక్కువ వేడి లాక్కుంటుంది. అందుకే ఇంజన్ పరీక్షల్లో ఉష్ణోగ్రత తేడాకి నేరుగా కాకుండా వర్గమూలం తీసి సవరిస్తారు. ఆ లెక్కన 30 డిగ్రీల తేడాకి పవర్‌లో నాలుగున్నర, అయిదు శాతం. 80 హార్స్‌పవర్ బండిలో నాలుగు గుర్రాలకి కాస్త తక్కువ. మీకు పాతిక గుర్రాలు వస్తాయని ఎవరైనా చెబితే ఒక దండం పెట్టి వచ్చేయండి.

నాలుగు గుర్రాలేనా అని పెదవి విరుస్తున్నారు కొందరు. ఆగండి. ఇంకోటి ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. నాకింగ్. వేడిగాలి లోపలికి వెళ్తే, స్పార్క్ అంటించిన మంట తన దాకా వచ్చేవరకు ఆగకుండా, మిగిలిన పెట్రోలు మిశ్రమం తనంతట తాను పేలడానికి చూస్తుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు టాప్ గేర్లో తొక్కితే ఇంజన్లోంచి చిల్లర గలగలలాడినట్టు వస్తుంది చూడండి, అదే. పాత బండిలో దాన్ని ఆపడానికి మనం టైమింగ్ వెనక్కి తిప్పుతాం, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా చేస్తాం. నాక్ సెన్సర్ ఉన్న బండిలో కంప్యూటరే వెనక్కి తిప్పుతుంది. ఎవరు తిప్పినా పవర్ పోతుంది. గాలి చల్లబడితే ఆ టైమింగ్ మళ్లీ తిరిగి ఇచ్చుకోవచ్చు. ఎండాకాలంలో పాత బండి నీరసంగా లాగడంలో సగం కథ ఇదే.

కంపెనీ చేసిన ఏర్పాటు ఏమిటో చూద్దాం. కార్బురేటర్ రోజుల నాటి ఎయిర్ క్లీనర్ డబ్బాకి ఒక ముక్కు ఉంటుంది. ఆ ముక్కుకి రెండు నోళ్లు. ఒకటి ముందు నుంచి చల్లగాలి తెచ్చేది. రెండోది కిందికి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద కప్పిన రేకు దాకా, ముడతల గొట్టంతో వెళ్లేది. ఆ రెండిటి మధ్య లోపల ఒక రేకు తలుపు. చలిగా ఉన్నప్పుడు ఆ తలుపు చల్లగాలిని మూసి వేడిగాలి తీసుకుంటుంది. ఇంజన్ వేడెక్కాక అటు మూసి ఇటు తెరవాలి. కొన్ని బండ్లలో ఎండాకాలం, చలికాలం అని రాసిన మీటని చేత్తో తిప్పాలి. కొన్నిట్లో వేడికి ఉబ్బే మైనం గుళిక, కొన్నిట్లో ఇంజన్ వాక్యూమ్‌తో, అంటే అది పీల్చే బలంతో, లాగే డయాఫ్రమ్ అనే చిన్న పొర దాన్ని కదుపుతాయి.

వేడిగాలి ఎందుకు, తలుపు పీకేస్తే పోలా? పోదు. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. చేతి మీద పెట్రోలు పడితే చల్లగా ఉంటుంది కదా, అదే. బయట 5, 10 డిగ్రీలుండి గాలిలో తేమ ఎక్కువైతే కార్బురేటర్ గొంతులో మంచు కడుతుంది. బండి దారిలో ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే మంచు కరిగి, ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఆ మాయరోగం పట్టకుండా ఉండడానికే ఆ తలుపు. అది ఉండాలి, కానీ కదలాలి.

కదలదు. అక్కడే వస్తుంది చిక్కు. నా డబ్బాని మళ్లీ బిగిద్దామని అటకమీంచి దించి, ముక్కులోకి వేలు పెట్టి చూశాను. తలుపు వేడివైపు తెరుచుకుని, ఇరుసు దగ్గర తుప్పు పట్టి, బిగుసుకుపోయి ఉంది. ఎన్నేళ్ల నుంచి అలా ఉందో! అంటే శంకువు ఫిల్టర్ పెట్టకముందు కూడా నా బండి ఎండాకాలం అంతా మానిఫోల్డ్ మీది గాలే పీల్చింది. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే వేలితో మెల్లగా ఊపాను. కిర్రుమంది. ఇంకోసారి ఊపాను. పావుగంట పట్టింది, చివరికి దాని బరువుకి అదే పడింది. అసలు పని అయింది ఆ పావుగంటలోనే.

మీరు కూడా చూడండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. వాక్యూమ్ రకం అయితే స్టార్ట్ చేయగానే తలుపు వేడివైపు లాగబడాలి, వేడెక్కాక వదలాలి. గొట్టం చిరిగి వాక్యూమ్ అందకపోతే ఎప్పుడూ చల్లవైపే ఉంటుంది, పొద్దున పూట బండి తడబడుతుంది. అది పవర్ తినదు. తుప్పుతో వేడివైపు బిగుసుకున్నదే పవర్ తినేది. ఆ తర్వాత ముందుకి వెళ్లే చల్లగాలి గొట్టం అసలు ఉందా చూడండి. పది పాత బండ్ల బానెట్లెత్తితే సగానికి ఆ గొట్టం ఉండదని నా అనుభవం.

సరే, గొట్టం లేదు, దొరకదు, మనమే చేసుకోవాలి. ఎలా?

నోరు ఎక్కడ పెట్టాలన్నది మొదటిది. రేడియేటర్‌కి వెనక ఎక్కడ పెట్టినా దండగ. రేడియేటర్‌కి ముందుగానీ, పక్కన హెడ్‌లైటు వెనక ఉండే ఖాళీలోగానీ పెట్టాలి. ఆ ఖాళీకి, బానెట్ కింది వేడికి మధ్య గోడ ఉండాలి. గోడ లేకపోతే రేకు ముక్క కత్తిరించి అంచుకి రబ్బరు బీడింగ్ తొడిగి మీరే కట్టండి. అందంగా లేకపోయినా ఫర్వాలేదు, సందులు లేకుండా ఉండాలి. చాలామంది ఒక పెద్ద తప్పు చేస్తారు. ఫిల్టర్‌ని తెరిచే ఉంచి, దాని పక్కన చల్లగాలి గొట్టం ఒకటి వేలాడదీసి, చల్లగాలి వస్తోందంటారు. ఎందుకు వస్తుంది? ఇంజన్ దగ్గరున్న గాలినే లాగుతుంది. ఆకలేసినవాడు ఎదురుగా ఉన్న కంచం వదిలి పక్కింటికి వెళ్తాడా? డబ్బా మూసి ఉండాలి, గొట్టం ఒక్కటే దారి కావాలి.

గొట్టం సైజు. ఇందాకటి 70 లీటర్లు గుర్తుందా? 65 మిల్లీమీటర్ల గొట్టంలో అది సెకనుకి 20 మీటర్ల వేగంతో వెళ్తుంది. హాయిగా సరిపోతుంది. 1600 సీసీకి 100 మిల్లీమీటర్ల గొట్టం వేసి గొప్పలు చెప్పుకోవడం అనవసరం, ఆ ఇరుకులో అది పట్టదు కూడా. వంపులు తక్కువ, ఉన్నవి మెల్లగా తిరగాలి. గొట్టం మూతి మాత్రం చూసుకోండి. గాలిలోకి పొడుచుకొచ్చిన, కోసి వదిలేసిన మూతి దగ్గర గాలి అంచు తగిలి సుడి తిరుగుతుంది. అదే మూతిని బాకా లాగా వెలుపలికి విప్పితే ఆ నష్టంలో పదో వంతు కూడా మిగలదు. ప్లాస్టిక్ గరాటు కాడ కోసేసి మూతికి అతికించినా చాలు. నేను అదే చేశాను, నవ్వుకోండి.

లోహం పైపు వేడెక్కిపోతుంది కదా అని అడుగుతారు. 60 సెంటీమీటర్ల పైపులో, ఫుల్‌గా తొక్కినప్పుడు గాలి ఉండేది సెకనులో నూటికి మూడు వంతులు. అంత తక్కువ సమయంలో ఏం వేడెక్కుతుంది? ఐడిల్‌లో మాత్రం అర సెకనుకి పైనే ఉంటుంది, అప్పుడు వేడెక్కుతుంది. కానీ ఐడిల్‌లో పవర్ ఎవరికి కావాలి? అయినా నా ఓటు ప్లాస్టిక్‌కీ రబ్బరుకీ. చవక, తేలిక, అదిరినా పగలదు.

ఇంకో భ్రమ ఉంది, వేగంగా వెళ్తే గాలి తనంతట తానే ఇంజన్‌లోకి తోసుకొస్తుందని. అమెరికన్ కార్లలో 1960ల నుంచి రామ్ ఎయిర్ అనే పేరుకి మోజు ఎక్కువ. లెక్క చూడండి. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి తోపుడు మొత్తం పట్టినా, వాతావరణ పీడనంలో అర శాతం కూడా రాదు. 200 దగ్గర రెండు శాతం లోపు. బానెట్ మీద పెట్టిన ఆ పెద్ద ముక్కు తోపుడు కోసం కాదు, అది చల్లగాలి పట్టుకొస్తుంది కాబట్టి పనిచేస్తుంది.

గొట్టం, ఫిల్టర్ కలిసి ఎంత అడ్డుపడుతున్నాయో కొలవాలంటే యంత్రం అక్కర్లేదు. పారదర్శకమైన సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో వంచి, రంగునీళ్లు పోసి, ఒక చివర ఫిల్టర్ తర్వాత బిగించండి, రెండో చివర గాలికి వదలండి. ఫుల్‌గా తొక్కినప్పుడు పక్కనున్నవారు నీటి ఎత్తు తేడా చూడాలి. 10 సెంటీమీటర్ల తేడా అంటే ఒక శాతం పీడనం పోయినట్టు. మూడు నాలుగు సెంటీమీటర్లే వస్తే మీ ఫిల్టర్ జోలికి వెళ్లకండి, అది బాగానే ఉంది. యూ గొట్టం కాస్త పొడుగ్గా ఉండాలి సుమా, లేకపోతే ఆ రంగునీళ్లు ఇంజన్ తాగేస్తుంది.

నీళ్లంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. చల్లగాలి కిందే ఉంటుందని నోటిని బంపర్ కిందికి దించకండి. వానలో నిలిచిన నీళ్లలోకి వెళ్తే అది స్ట్రా వేసి తాగినట్టు తాగుతుంది. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. పైకి వచ్చే పిస్టన్‌కి దారి లేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నాలుగు గుర్రాల కోసం పోతే ఇంజనే పోతుంది. నోరు హెడ్‌లైటు ఎత్తుకి తగ్గకుండా ఉంచండి. డబ్బా అడుగున చిన్న రంధ్రం ఒకటి కంపెనీ పెట్టే ఉంటుంది, అది వాన నీళ్లు కారిపోవడానికి. మట్టితో మూసుకుపోయి ఉంటే పుల్లతో పొడవండి.

అన్నీ బిగించాక కార్బురేటర్ బండివాళ్లకి ఇంకో పని మిగులుతుంది. కార్బురేటర్‌కి గాలి బరువు తెలియదు. గాలి చిక్కబడితే దానికి తగ్గట్టు పెట్రోలు పూర్తిగా పెంచదు. ఇందాకటి 30 డిగ్రీల తేడాకి మిశ్రమం దాదాపు అయిదు శాతం పలచబడుతుంది. కాబట్టి స్పార్క్ ప్లగ్‌లు తీసి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే మంచిది. తెల్లగా సున్నంలా మారితే కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే రంధ్రం, అంటే మెయిన్ జెట్, ఒక సైజు పెంచాలి. ఇంజెక్షన్ బండిలో ఈ బాధ లేదు, సెన్సరే చూసుకుంటుంది. అయితే గాలి కొలిచే వేడితీగ సెన్సర్ ఉంటే, అది కూర్చున్న గొట్టం వ్యాసం మార్చకండి, లెక్క తప్పుతుంది. నూనె పట్టించే కాటన్ ఫిల్టర్ వాడేవారు నూనె ఎక్కువ పోయకండి, ఆ తీగకి అంటుకుంటుంది. ఇంజన్ బ్రీదర్ గొట్టాన్ని కూడా ఫిల్టర్ దాటిన వైపే కలపండి. ఊరికే వదిలేస్తే ఆ దారిన దుమ్ము లోపలికి పోతుంది.

పెద్దాయన చెయ్యెత్తారు. చెప్పండి... మైలేజ్ పెరుగుతుందా అంటున్నారు. ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. లేదండీ, పెరగదు. మామూలుగా నడిపేటప్పుడు థ్రాటిల్ సగానికి పైగా మూసే ఉంటుంది. గాలిని మనమే ఆపుతున్నాం. అక్కడ చిక్కటి గాలి వస్తే థ్రాటిల్ ఇంకాస్త మూయాలి, అంతే. నిజానికి వేడిగాలితో మైలేజ్ రవ్వంత మెరుగవ్వచ్చు కూడా. చల్లగాలి పని అంతా ఫుల్‌గా తొక్కినప్పుడే. ఎత్తు ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు. మీరు ఎప్పుడూ మెల్లగా నడిపేవారైతే ఇవాళ్టి ప్రసంగంలో మీకు పనికొచ్చేది ఆ తుప్పు పట్టిన తలుపు ఒక్కటే.

నా బండి ఇప్పుడెంత చూపిస్తోందని ఆ తమ్ముడు అడుగుతున్నాడు. పాత డబ్బా, సొంతంగా కట్టిన గొట్టం, గరాటు మూతి. కదులుతున్నప్పుడు బయటికన్నా 5, 6 డిగ్రీలు ఎక్కువ. సిగ్నల్ దగ్గర అయిదు నిమిషాలు ఆగితే 15 దాకా పెరుగుతుంది, కదలగానే నిమిషంలో దిగిపోతుంది. కానీ ఎండలో ఆపి అరగంట తర్వాత స్టార్ట్ చేస్తే ఇప్పటికీ మొరాయిస్తుంది. అది గాలి తప్పు కాదు, కార్బురేటర్‌లో పెట్రోలు మరిగిపోవడం. దానికి కార్బురేటర్ కింద వేడి ఎక్కకుండా ఉండే మందపాటి బేకలైట్ గాస్కెట్ తెచ్చి పెట్టుకున్నాను, ఇంకా బిగించలేదు.

బండి బయటే ఉంది, బానెట్ ఎత్తే పెట్టాను. థర్మామీటర్ కూడా దానికే ఉంది. వచ్చి చూడండి, డబ్బా ముక్కులోకి వేలు కూడా పెట్టి చూడొచ్చు. కాకపోతే ఒక పావుగంట ఆగి రండి, మానిఫోల్డ్ ఇంకా కాలుతోంది.